చీటీ పంపితే చాలు

2020 మార్చిలో జనతా కర్ఫ్యూకు ముందే హైదరాబాద్ గది ఖాళీ చేసి వేములపల్లి చేరాను. సాగర్ ఎడమ కాల్వ కింద యాసంగి వరి కోతకు వస్తోంది. ఇంట్లో అందరికీ పొలం పని. నాకు మాత్రం కంపెనీ సర్వర్లకు ఇమేజ్‌లు తయారుచేసే పని.

ఇమేజ్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, జావా, భద్రతా ప్యాచ్‌లు, మా సొంత సెట్టింగులు అన్నీ ఎక్కించి సిద్ధంగా ఉంచిన డిస్క్ నకలు. దాంతో ఎన్ని వర్చువల్ మెషీన్లయినా లేపొచ్చు. అంతకుముందు నేను పనిచేసిన చోట దీన్ని చేత్తోనే చేసేవాళ్లు. వర్డ్ ఫైల్లో స్క్రీన్‌షాట్లతో సహా అంచెలన్నీ ఉండేవి కానీ, అసలు కిటుకులన్నీ ఒక సీనియర్ అన్న బుర్రలో ఉండేవి. ఆయన సెలవు పెడితే ఆ నెల ప్యాచ్‌లు ఆగినట్టే. ఓసారి రెండు మెషీన్లకు ఒకే ఐపీ అడ్రస్ వచ్చి రాత్రంతా జాగారం చేశాం. ఉబుంటు 18.04లో మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేయకుండానే నకలు తీశారని తెల్లవారాక తేలింది. అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ ఆ ఐడీ నుంచి పుట్టిన గుర్తునే చూస్తుంది. దాని లెక్కలో ఆ రెండూ ఒకే మెషీన్.

కొత్త కంపెనీలో ప్యాకర్ వాడేవాళ్లం. వేగ్రంట్ సృష్టికర్త మిచెల్ హషిమోటో 2013లో తెచ్చిన, ఇమేజ్‌లు కట్టే సాధనం అది. ఇంట్లో ఓ సాయంత్రం వర్చువల్‌బాక్స్ మీద బిల్డ్ పెట్టాను. ఇన్‌స్టాలర్ తెర మీద అక్షరాలు వాటంతటవే పడుతుంటే అమ్మ చూసి, “ఎవరు కొడుతున్నర్రా? దయ్యమా?” అంది. ప్యాకరే మనిషిలా మీటలు నొక్కి కిక్‌స్టార్ట్ ఫైలు ఎక్కడుందో చెబుతుంది. భాష, డిస్క్, పాస్‌వర్డ్ ప్రశ్నలన్నిటికీ ఇన్‌స్టాలర్ ఆ ఫైల్లోంచే జవాబులు తీసుకుంటుంది. మెషీన్ రీబూట్ అయ్యాక ప్యాకర్ ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి, మా స్క్రిప్టులు నడిపి, ఆఖర్న మెషీన్-ఐడీ, పాత కీలు తుడిచేసి డిస్కును భద్రపరుస్తుంది.

ఊళ్లో చిక్కంతా డేటాతోనే. మేం వాడే ఆపరేటింగ్ సిస్టమ్ సెంటాస్ 8 డీవీడీ ఏడు జీబీల దాకా ఉండేది. నా ఫోన్ ప్యాక్ రోజుకు రెండు జీబీలు. దాంతో బిల్డ్‌ను అమెజాన్ క్లౌడ్ ముంబై రీజియన్‌లోని చిన్న సర్వర్‌కు మార్చాను. ఇక్కణ్నుంచి పంపేది కొన్ని కేబీల టెంప్లేట్, అంటే బిల్డ్ అంచెలు రాసిన ఫైలు మాత్రమే. అక్కడ కనెక్షన్ తెగినా కొనసాగే టీమక్స్ టెర్మినల్‌లో నడుస్తుంది గనుక మధ్యలో నా సిగ్నల్ పోయినా బిల్డ్ ఆగదు.

గాలిదుమారం వచ్చిన ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది.

“ఇగ నీ పని బందేనా?” అన్నాడు నాయిన.

“లేదు నాయినా. పని బొంబాయిల నడుస్తుంది. నేను చీటీ పంపిన, అంతే.”

“చీటీ చూసి పనిజేసేటోడు దొరికిండా! నాకూ ఒకణ్ని జూడు. కూలోళ్లు దొరుకుతలేరు.”

చీటీలో తప్పు రాస్తే మాత్రం వంద మెషీన్లలోనూ అదే తప్పు. అందుకే ప్రతి కొత్త ఇమేజ్‌తో ముందు ఒక మెషీన్ లేపి, పరీక్షలన్నీ దాటాకే మిగతావాళ్లకు ఇచ్చేవాళ్లం.

ఆ ఏడాది డిసెంబరులో సెంటాస్ 8కి 2021తోనే ఆఖరని ప్రకటన వచ్చింది. 2021 మార్చి చివర దాని బదులు వాడదగ్గ అల్మాలినక్స్ విడుదలయ్యాక టెంప్లేట్‌లో మూల ఇమేజ్ లైను మార్చి బిల్డ్ పెట్టాను. ఏ స్క్రిప్ట్ ఎక్కడ ఆగిందో లాగ్‌లోనే కనిపించింది. ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ పోవడమే మిగిలింది.

అసలు పరీక్ష 2021 డిసెంబరులో వచ్చింది. లాగ్4జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడి, దానికి 2.15, 2.16, 2.17 అని రోజుల తేడాతో సవరణల మీద సవరణలు వచ్చాయి. మా ఇమేజ్‌లో లాగ్‌లు పోగుచేసే జావా ప్రోగ్రాం లోపల ఆ లైబ్రరీ ఉంది. ఆ ప్రోగ్రాం కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా టెంప్లేట్‌లో అంకె మార్చడం, కొత్త ఇమేజ్ కట్టడం, పాత మెషీన్లు తీసేసి కొత్తవి నిలబెట్టడం. చేత్తో చేసే కాలమైతే మొదటి సవరణ ఎక్కించేలోపు మూడోది వచ్చి కూర్చునేది.

2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ మొదలైంది. అకౌంట్‌లో దాన్ని తెరిచి, ఇమేజ్ నకళ్లు వెళ్లాల్సిన రీజియన్ల జాబితాలో దాని పేరు చేర్చాలి. ఆ మార్పు రాసింది నేను కాదు, మా టీంలో కొత్తగా చేరిన కోదాడ అమ్మాయి. ఎవరూ చెప్పకుండానే టెంప్లేట్ చదువుకుని, లైను చేర్చి నాకు పంపింది. చూసి సరేనన్నాను. పాత పద్ధతిలో అయితే ఆమె ఆ సీనియర్ అన్న పక్కన నెలల తరబడి కూర్చోవాల్సి వచ్చేది, అదీ ఆయనకు తీరిక దొరికితే.