లక్క గాజు చెప్పే మాట

హైదరాబాదు పాతబస్తీలో, 1591 నాటి చార్మినార్‌కు పడమటి దిక్కున సాగే వీధి లాడ్ బజార్. గాజులే ఆ వీధికి గుర్తింపు. దీపాలు వెలిగే వేళకు దుకాణాల్లోని రాళ్లన్నీ ఒక్కసారిగా మెరుస్తాయి. పెళ్లిళ్ల కాలంలో అక్కడ అడుగు తీసి అడుగు వేయడం కష్టం. బంధువుల ఇంట నికాహ్ పనుల నిమిత్తం ఇటీవల మేము ఆ కుటుంబంతో కలిసి అక్కడికి వెళ్లాము.

లక్క అనేది చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు స్రవించే జిగురు. పనివారు దానిని నిప్పుల సెగన మెత్తబరచి, పొడవుగా దొర్లించి, కొసలు కలిపి గాజుగా మలుస్తారు. కొలతకు కర్రకు తొడిగి సరిచూస్తారు. వేడి ఆరకముందే ఒక్కొక్క రాయిని పొదుగుతారు. చేతులు సెగకు అలవాటు పడవలసిన పని ఇది. ఈ గాజులకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది.

లక్క గాజుకు మరొక గుణం ఉంది. పగిలిన గాజు గాజును అతికించలేము. లక్క గాజు బిగుతైనా, రాయి ఊడినా, కాస్త సెగ చూపితే మళ్లీ కుదురుతుంది. ఒక తల్లి తన పెళ్లినాటి జోడాను కుమార్తె చేతికి సరిచేయించుకోవడం మేము ఆ రోజే చూశాము. కొత్త జోడా కొనే స్తోమత ఆమెకు లేక కాదు. తన చేతి గుర్తు బిడ్డ చేతికి చేరాలన్నదే ఆమె కోరిక.

అదే దుకాణంలో మరొకటీ చూశాము. మాతో వచ్చిన వధువు మేనత్తకు భర్త గతించి చాలా సంవత్సరాలైంది. వధువు ప్రేమతో ఒక జోడా తీసి ఆమె చేతికి తొడగబోయింది. పెద్దవారిలో ఒకరు, శుభకార్యం ముందు అది తగదని వారించారు. మేనత్త మారుమాట లేకుండా చేయి వెనక్కు తీసుకున్నారు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. గాజులు భర్త ఆయుష్షుకు గుర్తు అన్న భావన చుట్టుపక్కల ఆచారాల నుండి మన ఇళ్లలోకి వచ్చింది. షరీఅత్‌లో దానికి చోటు లేదు. భర్త మరణించిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు, గర్భవతి అయితే ప్రసవించే వరకు, ఇద్దత్ పాటిస్తుంది. ఆ కాలంలో అలంకరణకు దూరంగా ఉంటుంది. గడువు తీరాక ఆమెపై ఆ నిషేధం లేదు. పరాయి పురుషుల ముందు అలంకరణ ప్రదర్శించరాదన్న నియమం స్త్రీలందరికీ ఒకటే. అల్లాహ్ గడువు విధించిన దుఃఖాన్ని జీవితాంతం పొడిగించే అధికారం మనకు ఎవరిచ్చారు?

మరి ఆభరణానికి అర్థమే లేదా? ఉంది. బద్ర్ యుద్ధంలో బందీగా చిక్కిన భర్త అబుల్ ఆస్ విడుదల కోసం, దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ జైనబ్ (ర) మక్కా నుండి ఒక హారం పంపారు. అది పెళ్లినాడు తల్లి హజ్రత్ ఖదీజా (ర) ఆమెకు ఇచ్చినది. అప్పటికి ఖదీజా (ర) లోకాన్ని వీడి కొన్నేళ్లయింది. ఆ హారాన్ని చూసి దైవప్రవక్త (స) హృదయం ద్రవించింది. సమ్మతమైతే బందీని విడిచి, హారాన్ని ఆమెకే తిరిగి పంపమని సహచరులను కోరారు. వారు సంతోషంగా ఒప్పుకున్నారు.

ఆయనను కదిలించినది ఆ హారం ఖరీదు కాదు, దానిని ఇచ్చిన చేయి. ఆభరణానికి శుభాశుభాలు తెచ్చే శక్తి లేదు. ఆయుష్షు పెంచేదీ, తుంచేదీ అది కాదు. ఇచ్చినవారి ప్రేమనూ, చేసినవారి శ్రమనూ గుర్తుచేయడమే దాని పని.

పాఠక సోదర సోదరీమణులారా! మీ ఇంట ఏళ్లుగా బోసిగా ఉన్న చేతులు ఉంటే, రాబోయే పండుగకు ఒక జోడా మీరే తెచ్చి ఇవ్వండి. వేసుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వద్దనే హక్కు మాత్రం మనకు లేదు.