నీళ్లను తూచు కొలువు

మేము ప్రతిదినమును తెల్లవారకమునుపే రాప్తాడులో బస్సెక్కి, అనంతపురములోని యొక యాసుపత్రికి పోయి, అచట డయాలసిస్ నర్సులుగా పనిచేయుచున్నవారము. "అక్కా, మీ రక్కడ చేయుపని యేమి?" అని మా వీథి పిల్లలడిగినచో, "నీళ్లు త్రాగవద్దని చెప్పి జీతము పుచ్చుకొందుము" అని చెప్పుదుము. ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు దగ్గరగా మాత్రమే వానపడు సీమలో, బిందెడు నీళ్లకై మైళ్లు నడచిన పెద్దలయెదుట నీ మాట యనుట కెంత గుండెనిబ్బరము కావలయునో చదువరులే యూహింపగలరు.

మూత్రపిండములు చెడినవారికి లోనికి పోయిన నీరు వెలికి వచ్చు త్రోవ యుండదు. లీటరు నీరు నిలిచినచో కిలో బరువు పెరుగును. ఆ నీరు కాళ్లలో చేరును, ముదిరినచో నూపిరితిత్తులలోనికి దిగును. కావున వచ్చినవారి నెల్ల ముందుగా త్రాసు నెక్కింతుము. ఆ త్రాసును మోసగించుటకు మా రోగులు పన్ను నుపాయములు చిత్రమైనవి. ఒకరు తలపాగ తీయుదురు. ఒకరు మొలనున్న తాళపుచెవుల గుత్తి తీసి ప్రక్కనుంతురు. ఒక యవ్వ గాలి బిగబట్టి త్రాసుపై నిలుచును. మూడు కిలోలు పెరిగి వచ్చిన యొక తాతను, "నీళ్లెన్ని త్రాగినావు తాతా?" అని యడుగగా, "నీళ్లు యాడ తాగినా సిస్టరమ్మా? మజ్జిగే కదా!" అనెను.

వారిని నవ్వుటకు మాకును యోగ్యత లేదు. బస్సులో కండక్టరు టిక్కెట్టు చాచినపుడు మేము చిల్లర చూడము. మోచేతివరకు నుబికిన యతని నరమును చూతుము. "ఎంత చక్కని నరము! సూది తొలిసారియే దిగును" అని మాలో మేమనుకొనగా విని, యాయన చొక్కా చేతులు క్రిందికి దించుకొనెను. గొట్టములో గాలి చేరినను, రోగి చేయి మడిచినను యంత్రము కూయును. దానికి మేమెంత యలవాటుపడితిమన, ఇంట కుక్కరు ఈల వేసినను, కూతను మాన్పు మీటకై మా చేయి గోడవైపు చాగును.

ఒక్కొక్క విడత నాలుగు గంటలు. ప్రొద్దుపోవుటకు మేము యంత్రము పుట్టిన కథ చెప్పుదుము. 1943లో, జర్మనుల యేలుబడికి లోబడిన నెదర్లాండ్సుదేశమున, విల్లెమ్ కోల్ఫ్ అను వైద్యుడు సాసేజీలకు తొడుగు సెల్లోఫేన్ గొట్టమును పెద్ద పీపాకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో త్రిప్పి, రోగి నెత్తురును శుభ్రపరచెను. మొదటివారు పెక్కండ్రు దక్కలేదు. 1945లో 67 ఏండ్ల యొక స్త్రీ బ్రతికెను.

మజ్జిగ తాత యీ కథ విని, "ఇప్పుడు నాకెన్ని నీళ్లు పడతాయి?" అనెను. విడతకు సుమారు 120 లీటర్లంటిమి. తాత వ్రేళ్లు మడిచి బిందెలు లెక్కించి, "నా శెనక్కాయ చేనికి రాని నీళ్లు నా నెత్తురికొచ్చినాయే!" అని నిట్టూర్చెను. శస్త్రవైద్యులు అతని చేతిలో ధమనిని సిరతో కలిపియుండిరి. అచట చెవినుంచిన జుమ్మను శబ్దము వినవచ్చును. అతడు దినదినమును మనుమని చెవి నచట నానించి, "బోరు ఆడతాండాదా?" అని యడుగునట.

ఆ యేట విత్తుకాలమున నొకరాత్రి మంచి వాన కురిసెను. మరునాడు తాత వంతు, రాలేదు. ఆ పై వంతునకును రాలేదు. అయిదవనాటి వేకువను కొడుకు మోసికొని వచ్చెను. కాళ్లు వాచి, పండుకొన్న నూపిరాడక, కూర్చుండి రొప్పుచుండెను. కోడలి కొంగున విత్తనపుకాయ లింకను మూటగట్టియే యున్నవి. ఆ దినము మేమెవ్వరమును నవ్వలేదు. వైద్యుడు వచ్చెను, ప్రాణవాయువు పెట్టి, సూదులు దించి, నాలుగు గంటలు ప్రక్కను విడువక నిలిచితిమి. మూడు కిలోల నీరు దిగినపిమ్మట తాత వెల్లకిల పండుకొనగలిగెను.

చీవాట్లు పెట్టుటకు మేము సిద్ధముగా నుంటిమి. తాత కన్నులు తెరచి, "పదును నాకోసం నిలబడదు గదా సిస్టరమ్మా" అనెను. ఆ మాటతో మా చీవాట్లు గొంతులోనే నిలిచిపోయినవి. మేమును సేద్యగాండ్ర బిడ్డలమే; పదును తప్పినచో నేడాది తప్పునని యెరుగనివారము కాము. అయినను నతని వంతు వ్రాసినపుడు మాలో నొక్కరమును వానను తలపలేదు.

మరునాడు మరల రెండు కిలోలు దించితిమి. పిమ్మట పెద్ద నర్సమ్మగారి ననుమతి యడిగి, విత్తుదినములలో సేద్యగాండ్రకు సాయంకాలపు విడత నిచ్చునట్లు వంతులు మార్చుకొంటిమి. తాత పగలు చేనిగట్టున కూర్చుండి విత్తించును. సాయంకాలము మట్టికాళ్లతో వచ్చి త్రాసెక్కును. ఆ మట్టి బరువును తీసివేయుమని మాతో వాదులాడును.

ఇప్పుడు పెన్నాహోబిలమువైపున మబ్బు కనబడినచో, ఊరివారందరు నాకసమును చూచుచుండగా, మేము వంతుల పుస్తకమును తెరచుచున్నాము.