తాగకుండా మిగిల్చిన నీళ్ళు

తుమ్మలపల్లె పేరు చెబితే బయటివాళ్ళు యురేనియం గని గురించి అడుగుతారు. నాకు ముందు గుర్తొచ్చేది బెట్ట. కడప జిల్లాలో, పులివెందులకు దగ్గరున్న ఈ పల్లెల్లో వాన ఎంత పడిందన్నదొక్కటే లెక్క కాదు, ఎప్పుడు ఆగిందన్నది అసలు లెక్క. మొలక దశలో ఆగితే మళ్ళీ విత్తుకోవచ్చు. కంకి పాలుపోసుకునే వేళ ఆగితే చొప్ప కోసుకోవడమే.

బెట్టను తట్టుకునే పైరంటే ఎండతో కలబడి గెలిచే మొండిది అనుకుంటాం. జొన్న మీద జరిగిన పరిశోధన ఆ ఊహను తలకిందులు చేసింది. ఇథియోపియా నాటు జొన్న నుంచి వచ్చిన బి-35 అనే రకానికి, గింజ కట్టేటప్పుడు నేల ఎండినా ఆకులు పచ్చగానే ఉంటాయి. ఆ గుణం వెనకున్న జన్యుభాగాల్లో ముఖ్యమైన నాలుగింటికి స్టే-గ్రీన్ 1, 2, 3, 4 అని పేర్లు పెట్టారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లోనూ, ఆస్ట్రేలియాలోనూ వాటిని వేరే రకాల్లోకి ఎక్కించి చూశారు. అవి ఉన్న పైరు మొదటినుంచే తక్కువ పిలకలు వేస్తుంది, పై ఆకులను చిన్నవిగా పెంచుకుంటుంది. పూతకు ముందు తాగని నీళ్ళు నేలలో మిగిలి, గింజ నిండే నాటికి అందుతాయి. ఆఖరున కనిపించే పచ్చదనానికి పునాది తొలి రోజుల పొదుపులో ఉంది. ఆ తొలి రోజుల్లో మాత్రం చూసేవాళ్ళకు అది బక్క పైరే!

సద్దల్లో కొన్ని రకాలు ఇంకా ముందుచూపు గలవి. నేలలో పదును నిండుగా ఉన్నా, మధ్యాహ్నం గాలి బాగా పొడిబారితే ఆకురంధ్రాలను కొంత బిగించేస్తాయి. కొర్రది వేరే దారి. నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన సూర్యనందిలాంటివి మూడు నెలలు నిండకముందే కోతకొచ్చి బెట్టకు దొరక్కుండా తప్పించుకుంటాయి.

అయితే పొదుపు ఉచితంగా రాదు. రంధ్రాలు బిగిస్తే లోపలికి వచ్చే కార్బన్ డయాక్సైడూ తగ్గుతుంది, ఆకు చేసే పని తగ్గుతుంది. వానలు దండిగా కురిసిన ఏడు పొదుపరి పైరు వెనకబడవచ్చు. నంద్యాల వైపు నల్లరేగడిలో వానలు వెనకబట్టాక వేసే జొన్న నేల దాచిన పదును మీదే బతకాలి కాబట్టి అక్కడ పొదుపు పనికొస్తుంది. లోతు తక్కువ ఎర్రనేలలో దాచుకోవడానికి చోటేదీ? అక్కడ కొర్ర తొందరే తెలివి.

వరికి ముంపును తట్టుకునే గుణం ఇంత చిక్కుల్లేకుండా దొరికింది. ఒడిశా నాటు రకం ఎఫ్‌ఆర్ 13ఎ లో ఉన్న సబ్1ఎ జన్యువును 2006లో ప్రకటించారు. మార్టేరులో పుట్టిన స్వర్ణలోకి ఆ జన్యుభాగాన్ని చేర్చి తయారుచేసిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా నీళ్ళకింద ఉన్నా మళ్ళీ తేరుకుంటుంది. అదీ ఎదుగుదలను ఆపుకునే బతుకుతుంది, చూడండి. బెట్టకు అలాంటి ఒక్క జన్యువు చాలదు. నేల లోతు, పైరు దశ, ఎండిన రోజులు మారేకొద్దీ ఒకచోట మేలు చేసిన గుణమే మరోచోట గింజ తగ్గిస్తుంది.

అందుకే విత్తనాల కొట్లో 'ఇది బెట్టను తట్టుకుంటుంది సార్' అంటే, ఏ నేలలో, ఏ దశలో వాన ఆగితే అని అడుగుతున్నాను. మంచి వానల ఏడు దిగుబడి ఎంతొస్తుందో కూడా అడగాలి గానీ, అప్పటికే అతను ఇంకో బేరానికి మళ్ళిపోయుంటాడు.