ఆరంభం అదిరింది... ఆ తర్వాత?

ఒకటి కాదు, రెండు కాదు... వరుసగా పదకొండు గెలుపులు! 2020లో అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు సాధించిన ఘనత అది. 1933లో పుట్టి, ఆరుసార్లు సూపర్‌బౌల్ గెలిచిన జట్టే అయినా సీజన్‌ని అంత గొప్పగా ఎప్పుడూ మొదలుపెట్టలేదు. కరోనా భయంతో తలుపులు వేసుకుని కూర్చున్న ఆ ఉక్కు నగరానికి వారం వారం టీవీలో కనిపించిన పండగ అది.

విచిత్రమేంటంటే, డిసెంబరు 2న పదకొండో మ్యాచ్ గెలిచాక కోచ్ మైక్ టామ్లిన్ మాటల్లో మాత్రం ఆ పండగ లేదు. తమ ఆట జూనియర్ల స్థాయిలో ఉందని అతనే పెదవి విరిచాడు. గెలిచిన జట్టు కోచ్ అలా అనడమేంటి?

కారణం ఉంది. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. బంతిని పట్టుకుని పరుగెత్తడం ఒక దారి, విసరడం రెండో దారి. రెండూ తెలిసిన జట్టుని ఆపడం కష్టం. ఆ ఏడాది స్టీలర్స్‌కి మొదటి దారి దాదాపు మూసుకుపోయింది. పరుగుతో సాధించిన గజాల్లో లీగ్‌లోని 32 జట్లలో వాళ్లది చిట్టచివరి స్థానం. భారమంతా బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ బెన్ రోత్లిస్‌బర్గర్ మీదే. అతనికి 38 ఏళ్లు. అంతకుముందు ఏడాదే మోచేతికి శస్త్రచికిత్స అయింది. చిన్న చిన్న పాస్‌లు చకచకా విసురుతూ బండి నడిపించాడు. మొదట్లో ఎదుటి జట్లకి అది అంతుబట్టలేదు. కొన్ని వారాలు గడిచాక బట్టింది.

ఆ పదకొండు గెలుపుల్నీ దగ్గరగా చూస్తే అన్నీ ఒకే ముద్దలోవి కావని తెలుస్తుంది. టెన్నెసీ టైటన్స్ మీద 27-24తో గట్టెక్కింది, చివరి క్షణాల్లో వాళ్ల కిక్ గురి తప్పబట్టి! డాలస్ కౌబాయ్స్ తరఫున ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తొలిసారి మ్యాచ్ మొదలుపెట్టే అవకాశం దక్కిన క్వార్టర్‌బ్యాక్ మీద కూడా చెమటోడిస్తేగానీ 24-19తో నెగ్గలేదు. అక్టోబరు 18న క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ని 38-7తో చిత్తు చేసింది నిజమే. కానీ ఆ రోజే రక్షణ దళంలో కీలకమైన డెవిన్ బుష్ మోకాలి గాయంతో సీజన్‌కి దూరమయ్యాడు. పదకొండో గెలుపు రోజున అదే దళంలోని బడ్ డుప్రీకీ అదే గతి పట్టింది. స్కోరుబోర్డు గెలుపునే చూపిస్తుంది, దానికి చెల్లించిన ధరని కాదు.

డిసెంబరు 7న లెక్క తిరగబడింది. అప్పటికి పదకొండింట నాలుగే గెలిచిన వాషింగ్టన్ జట్టు మీద 14-0 ఆధిక్యంలో ఉండి కూడా 17-23తో ఓడింది. తర్వాత బఫెలో చేతిలో, ఆపైన పట్టికలో అట్టడుగున ఉన్న సిన్సినాటి చేతిలోనూ దెబ్బతింది. చివరి అయిదు మ్యాచ్‌ల్లో దక్కింది ఒకే ఒక్క గెలుపు.

అయినా ఆరంభం వృథా పోలేదు. మంచి కాలంలో గాదెలో పోసిన ధాన్యం కరవులో అక్కరకొచ్చినట్టు, ఆ పదకొండు గెలుపులే పనికొచ్చాయి. 12 గెలుపులు, 4 ఓటములతో స్టీలర్స్ తమ డివిజన్ విజేతగా నిలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. ఎదురుగా ఎవరు? అక్టోబరులో 38-7తో ఓడించిన బ్రౌన్సే! 2003 తర్వాత పిట్స్‌బర్గ్‌లో ఒక్కసారీ గెలవని జట్టు. పైగా వాళ్ల కోచ్‌కి కరోనా సోకి ఇంట్లోనే ఉండిపోయాడు. బ్రౌన్స్ ఎప్పుడూ బ్రౌన్సే కదా అన్న మాట స్టీలర్స్ ఆటగాడి నోటి నుంచే వచ్చింది.

2021 జనవరి 10. ఆట మొదలైంది. సెంటర్ మార్కీస్ పౌన్సీ బంతిని వెనక్కి అందించాడు. ఏళ్ల తరబడి రోత్లిస్‌బర్గర్ చేతుల్లోకి వేలసార్లు అందించినవాడే. ఆ రోజు తొలి బంతే అతని తల మీదుగా ఎగిరిపోయింది. బ్రౌన్స్ ఆటగాడు దాని మీద పడి తొలి పాయింట్లు సాధించాడు. మొదటి క్వార్టర్ ముగిసేసరికి 28-0! రోత్లిస్‌బర్గర్ వెనక్కి తగ్గలేదు. 501 గజాలు విసిరాడు. కానీ నాలుగు బంతులు ప్రత్యర్థుల చేతుల్లో పడ్డాయి. 48-37తో కథ ముగిసింది.

ఆట అయిపోయాక ఆ ఇద్దరూ మైదానం పక్కన బెంచీ మీదే ఉండిపోయారు. రోత్లిస్‌బర్గర్ కళ్లలో నీళ్లు. పక్కనే పౌన్సీ. కొద్ది వారాలకే పౌన్సీ ఆటకి వీడ్కోలు చెప్పాడు. తల మీదుగా పోయిన ఆ బంతితో మొదలైందే అతని చివరి మ్యాచ్.

ఆరంభశూరత్వం అని ఎగతాళి చేయడం తేలిక. పదకొండుసార్లు గెలవడం ఆషామాషీ కాదు, ఆ గెలుపులే లేకపోతే జనవరి ఆట కూడా దక్కేది కాదు. కాకపోతే ఓటమి తప్పుని అదే రోజు చూపిస్తుంది, గెలుపు దాన్ని వాయిదా వేస్తుంది. ఈసారి ఏ జట్టయినా మొదటి నాలుగైదు మ్యాచ్‌లు వరసగా గెలిచిందని విన్నప్పుడు ఎన్ని గెలిచిందన్న దగ్గరే ఆగకుండా ఎవరి మీద, ఎలా గెలిచిందో, ఆ గెలుపులో ఎవరిని పోగొట్టుకుందో కూడా అడగాలి. పదకొండో గెలుపు రోజున టామ్లిన్ మనసులో ఉన్న ప్రశ్నలు బహుశా అవే!