కోసి చూస్తేగానీ పేరు చెప్పలేం

అమెరికాలో సిన్సినాటి చుట్టుపక్కల, రోడ్డు కోసం గుట్టల్ని తొలిచిన చోట, సున్నపురాయి నిండా వేలెడంత పుల్లల్లాంటివి కనిపిస్తాయి. చూడగానే పగడాలనిపిస్తాయి. చాలాకాలం కొందరు శాస్త్రవేత్తలు కూడా అలాగే అనుకున్నారు లెండి. అవి బ్రయోజోవన్ల శిలాజాలు. సుమారు 45 కోట్ల ఏళ్ళ కిందట అక్కడంతా లోతు లేని సముద్రం. ఒక్కో పుల్ల ఒక జంతువు కాదు, ఒక అపార్ట్‌మెంటు! మిల్లీమీటరు వెడల్పు కూడా లేని గదులు, గదికో జీవి. మొదటిది లార్వా నుంచి వస్తుంది, మిగతావన్నీ దాన్నుంచి మొగ్గలేసినవే. కాపీ-పేస్ట్ అన్నమాట.

సరే, వీటికి పేర్లు పెట్టడం ఎలా? పైరూపం నమ్మడానికి లేదు. ఒకే జాతి ఒకచోట కొమ్మలా, ఇంకోచోట ముద్దలా పెరగొచ్చు. సంబంధం లేని రెండు జాతులు అచ్చం ఒకే పుల్లలా ఉండొచ్చు. మన భాషలో చెప్పాలంటే, ఇంటర్‌ఫేస్ చూసి లోపలి కోడ్ ఎవరు రాశారో చెప్పమన్నట్టు.

అందుకని కోస్తారు. ఆ పుల్లల్లో ఎక్కువ భాగం ట్రెపోస్టోమ్ అనే వర్గానివి. వాటిని మూడు దిక్కుల్లో కోయాలి: కొమ్మకి అడ్డంగా, మధ్యలోంచి నిలువుగా, ఉపరితలానికి కాస్త కిందగా. ముక్కని గాజుపలకకి అంటించి, వెలుతురు దూరేదాకా, అంటే మిల్లీమీటరులో మూడు వందో వంతు మందం వచ్చేదాకా అరగదీయాలి. అప్పుడు సూక్ష్మదర్శినిలో అసలు సంగతి తెలుస్తుంది. గొట్టాలకి అడ్డంగా ఎన్ని పొరలున్నాయి, గోడల్లో ముళ్ళలాంటి కడ్డీలున్నాయా, పెద్ద గొట్టాల సందుల్లో చిన్న గొట్టాలున్నాయా, రెండు మిల్లీమీటర్ల మేర ఎన్ని నోళ్ళున్నాయి... ఇవన్నీ కొలిచి రాసుకోవాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. అదే కాలనీలో లోపలి గోడలు పల్చగా, అంచు దగ్గర మందంగా ఉంటాయి. ఒక్క కొలత తీసుకుని కొత్త జాతి అని ప్రకటిస్తే అంతే సంగతులు.

సిన్సినాటిలోనే పుట్టిన ఉల్‌రిచ్ సరదాగా శిలాజాలు ఏరడంతో మొదలుపెట్టి, ఇలా కోసి చూసే బోలెడు బ్రయోజోవన్లకి పేర్లు పెట్టాడు. వాటిలో కొన్నిటిని తరవాతివాళ్ళు కలిపేశారు. అంత ఓపికగా చేసిన పనికి అది చిన్నతనమేమీ కాదని నా అభిప్రాయం.

అయినా ఒక అనుమానం మిగిలిపోతుంది. గూడు చూసి గీసిన గీత, నిజంగా జాతికీ జాతికీ మధ్య గీతేనా? ఇదేదో పేర్ల గొడవ అనుకోకండి. 1986లో అలన్ చీతమ్ కరీబియన్ ప్రాంతపు మెట్రారాబ్డోటోస్ శిలాజాల మీద పరిశోధన ప్రచురించాడు. మార్పు మెల్లమెల్లగా జరుగుతుందని ఆశించినవాడికి దానికి పూర్తిగా ఎదురు కనిపించింది. జాతులు లక్షల ఏళ్ళు మారకుండా ఉండి, కొత్తవి ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యాయి. పరిణామం మీద పెద్ద మాట ఇది. కానీ జాతుల గీతలే తప్పయితే ఈ మాటకి విలువేముంది?

1990లో చీతమ్, జెరెమీ జాక్సన్ ఆ పునాదినే పరీక్షించారు. కరీబియన్‌లో ఇప్పటికీ బతికున్న చీలోస్టోమ్ బ్రయోజోవన్లని తీసుకుని, గూడు ఆకారంతో విడదీసిన జాతుల్ని ప్రొటీన్లలో కనిపించే జన్యు తేడాలతో పోల్చారు. పిల్ల కాలనీల్ని ఒకే చోట పెంచి, తల్లి జాతి పోలికే వస్తోందా అని కూడా చూశారు. రెండు పరీక్షలూ గూటినే సమర్థించాయి.

నాకు ఇక్కడే ఒక చిక్కు. చీలోస్టోమ్ గదులు పెట్టెల్లా ఉంటాయి, వాటి మీద పోల్చుకోడానికి బోలెడు గుర్తులు. ట్రెపోస్టోమ్‌లు ఉత్త గొట్టాలు, పైగా ట్రయాసిక్ కాలంలోనే మొత్తం అంతరించిపోయాయి. ప్రొటీన్ తీసి చూద్దామంటే ఒక్కటీ బతికి లేదు. చీలోస్టోమ్ పరీక్ష పాసయింది కదా అని ట్రెపోస్టోమ్‌లకి కూడా సర్టిఫికెట్ ఇచ్చేయడానికి నాకు మనసొప్పదు. నా మటుకు, మూడు కోతల ఫొటోలూ, ఎన్ని నమూనాలు కొలిచారన్న లెక్కా లేని ట్రెపోస్టోమ్ పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకునే చదువుతాను.