స్టవ్వు దీపమైన విధము

పాతబడిన వస్తువును అమ్మివేయుట సులభము. దానికి మరియొక పని కల్పించుటకు మాత్రము కొంత యాలోచన కావలెను. నిడదవోలులోని మా యింట నొక యిత్తడి పంపు స్టవ్వు చిరకాలముగా అటకపై నుండెను. ఇత్తడిని తూకమునకు గొనువాడు వచ్చినప్పుడు ఇంటివారు దానిని దింపిరి. మేము అమ్మనీయక బల్లదీపముగా మార్చితిమి.

ఈ తరగతి స్టవ్వును 1892లో స్వీడను దేశమున స్టాక్‌హోమునందు ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్టు కల్పించెను. ‘ప్రైమస్’ అను పేర నది లోకమంతట వ్యాపించెను. దీనికి వత్తి లేదు. చిన్నగిన్నెలో స్పిరిటు వెలిగించి బర్నరును కాచి, పంపుతో గాలి కొట్టినచో, తొట్టిలోని కిరసనాయిలు పైకెక్కి వేడికి ఆవిరియగును. ఆ యావిరి సన్నని రంధ్రమున వెలువడి, గాలితో గలసి, మసిలేని నీలిమంటగా మండును. పెండ్లిపందిళ్లలో వెలిగిన పెట్రోమాక్సు దీపమునకును ఇదియే సూత్రము. కావున స్టవ్వును దీపము చేయుట వింత గాదు. అవి రెండును దాయాదులే.

ముసురు దినములలో కట్టెలు తడిసి రాజుకొననప్పుడు మాకు స్టవ్వే దిక్కు. నాన్నగారు భీమవరము పోవు తొలి రైలు నందుకొనవలసిన నాడు దాని హోరునకే మేము మేల్కొనువారము. అమ్మగారు మాత్రము చెంగు నడుమున బిగించి, మమ్ము దూరముగా నిలిపి, పిదపనే పంపు కొట్టెడివారు. స్టవ్వు మంటలకు చీరలంటుకొని యెందఱో స్త్రీలు కాలిపోయిన కాలమది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పేద స్త్రీలకు వంటగ్యాసు నిచ్చు పథకము వచ్చెను. దాని పేరును ‘దీపం’ అనియే. గ్యాసు మా యింటికిని వచ్చిన పిమ్మట స్టవ్వు అటకెక్కెను.

తీగ దూర్చుటకు తొట్టికి రంధ్రము చేయుదమని పనివాడనెను. మేమందులకు సమ్మతింపలేదు. రంధ్రము పడినచో నది మరల స్టవ్వు కాజాలదు. బర్నరు నూడదీసి భద్రపఱచి, మూడు కాళ్లపై నొక కొయ్యబిళ్లను బిగించి, దానిపై హోల్డరు నమర్చి, తీగను కాలి వెంబడి దింపించితిమి. అంతకు ముందే మిగిలిన నూనెను వంపి, మూత తీసి, వాసన పోవువఱకు ఆరుబయట నుంచితిమి. ఇత్తడి గుండ విద్యుత్తు ప్రవహింపగలదు గనుక ఎర్తు తీగతో మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించితిమి. వేడి తక్కువగుటచే ఎల్.ఇ.డి. బల్బు వాడితిమి. తొట్టిని చింతపండుతో తోమితిమి గాని, కారుచోట అమ్మగారు వేయించిన మాటును మాత్రము అట్లే యుండనిచ్చితిమి.

దీపము వెలిగిన రాత్రి అమ్మగారు చూచి, “ఇక దీని దగ్గఱ పిల్లలను కూర్చుండబెట్టవచ్చును” అనిరి. అలంకారముగా జూచినవారు అందమైన దన్నారు. ఆ మాట యన్నది ఆమె యొక్కతెయే.

విద్యార్థులారా, మీ యిండ్ల అటకలపైనను ఇట్టివి యుండును. మార్చుటకు ముందు అది యే పని చేసెనో, ఎవరి చేతిలో చేసెనో పెద్దల నడుగుడు. విద్యుత్తు పని తెలిసినవారిచేతనే చేయింపుడు. పాత మాటులను చెఱపకుడు.