నిచ్చెన బొమ్మ చదివేవాళ్ళం

నిచ్చెన మాకు కొత్త వస్తువు కాదు. జీలుగు చెట్టు ఎక్కడానికి కణుపుల దగ్గర కొమ్మ మొదళ్ళు వదిలి నరికిన ఒంటి వెదురే మాకు నిచ్చెన. పోడు చేలో మంచె ఎక్కడానికి రెండు కర్రల నిచ్చెన. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివేటప్పుడు మూడో నిచ్చెన చూశాం. కాగితం మీద రెండు నిలువు గీతలు, వాటి మధ్య అడ్డంగా మెట్లు. ల్యాడర్ డయాగ్రం అంటారు. మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో, ఎవరి మాట వినాలో చెప్పే బొమ్మ అది. భద్రాచలం ఏజెన్సీ గూడేల నుంచి వెళ్ళి ఆ చదువు చదివి, తిరిగొచ్చి మోటార్ల పని చేసుకుంటున్న కోయవాళ్ళం మేము. ఈ బొమ్మ గురించి ఇక్కడ ఎందుకు రాస్తున్నామంటే, దీన్ని చదివేవాడు ఊళ్ళో లేకపోవడం వల్ల మోటార్లు కాలిపోతున్నాయి. మనుషులు కూడా పోతున్నారు.

మా చుట్టూ కరెంటుకు సంబంధించిన పనులు పాతవే. ఇల్లందులో 1889 నుంచి బొగ్గు తీస్తున్నారు. పాల్వంచలో 1960లలోనే థర్మల్ కేంద్రం వచ్చింది. పెద్ద లైన్లు మా గుట్టల మీదుగా ఎటో వెళ్ళాయి. మా గూడేలకు మాత్రం కరెంటు ఆలస్యంగా, లైను చివరికి మిగిలినంత వచ్చింది. దాని వెనకే బోరు మోటారు, పిండి గిర్నీ, మంచినీళ్ళ ట్యాంకు వచ్చాయి. వాటిని బాగుచేసే చదువు మాత్రం రాలేదు. స్టార్టరు డబ్బా తలుపు తీస్తే లోపల ఏముందో చెప్పేవాడు మైదానం నుంచి బండి మీద రావాల్సిందే.

ఆశ్రమ పాఠశాలలో మేము చదివింది తెలుగు. ఇంట్లో మాట్లాడేది కోయ. మా మాటలో ఏరు అంటే నీళ్ళు. బడి పుస్తకంలో ఏరు అంటే వాగు. ఇలాంటి చోట్ల మేము ఒకటి చెప్తే సారుకు ఇంకొకటి వినబడేది, క్లాసంతా నవ్వేది. ఐటీఐకి వెళ్ళాక ఇంగ్లీషు మాటలు తోడయ్యాయి. కానీ నిచ్చెన బొమ్మ దగ్గరికి వచ్చేసరికి అందరం ఒక్క వరసలో నిలబడ్డాం. పట్నం పిల్లవాడికీ అది కొత్తే, మాకూ కొత్తే. ఒక గుర్తుకు ఒకటే అర్థం. దాన్ని పలకడంలో యాస ఉండదు. మేము భయపడకుండా చదివిన మొదటి రాత అదే అనిపిస్తుంది.

చదివే పద్ధతి ఇది. ఎడమ నిలువు గీత ఒక ఫేజు, కుడి నిలువు గీత ఇంకో ఫేజు లేదా న్యూట్రల్. ఎడమ నుంచి కుడికి, పై మెట్టు నుంచి కింది మెట్టుకు చదవాలి. ప్రతి మెట్టులో ఎడమ వైపు షరతులు ఉంటాయి, కుడి చివర పని ఉంటుంది. షరతులు అంటే బటన్లు, ఫ్లోట్ స్విచ్‌లు, రిలే కాంటాక్టులు. పని అంటే సాధారణంగా కాంటాక్టరు కాయిల్. షరతులన్నీ కుదిరితే కరెంటు ఆ చివరికి చేరుతుంది, కాయిల్ లాగుతుంది, కాంటాక్టరు మూసుకుంటుంది. అప్పుడు మోటారుకు మూడు ఫేజులూ అందుతాయి.

ఒకసారి ఈ బొమ్మ చూసి మా తాత వరసాయన అడిగాడు: "ఇందులో మోటారు ఏదిరా?"

"మోటారు ఇందులో ఉండదు తాతా. మోటారుకు చెప్పే మాట మాత్రమే ఉంటుంది" అన్నాం.

నిజమే. మోటారుకు వెళ్ళే లావు తీగల బొమ్మ వేరే ఉంటుంది. నిచ్చెన బొమ్మలో ఉండేది ఆలోచన. మోటారు తిరగకపోతే ముందు చూడాల్సింది కూడా ఈ ఆలోచనే.

మొదట్లో అందరూ తడబడేది రెండు చోట్ల. ఒకటి, తెరిచి ఉండడం, మూసి ఉండడం అనే మాటలు. తలుపు తెరిచి ఉంటే మనిషి వెళ్తాడు. కాంటాక్టు తెరిచి ఉంటే కరెంటు వెళ్ళదు. అందుకని పిల్లలకు తలుపు అని చెప్పం, వాగు మీద దుంగ అని చెప్తాం. దుంగ వేసి ఉంటే దాటొచ్చు, తీసేస్తే దాటలేం. మామూలుగా దుంగ లేనిది ఎన్ఓ, నొక్కితే దుంగ పడుతుంది. మామూలుగా దుంగ వేసి ఉన్నది ఎన్‌సీ, నొక్కితే దుంగ లేస్తుంది. బొమ్మ గీసేది ఎప్పుడూ కరెంటు లేనప్పుడు, ఎవరూ దేన్నీ నొక్కనప్పుడు ఎలా ఉంటుందో అలాగే. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం బొమ్మ వచ్చినట్టే.

రెండోది, ఒకే కాంటాక్టరు బొమ్మలో నాలుగు చోట్ల కనబడడం. కాయిల్ ఒక మెట్టులో ఉంటుంది, దాని కాంటాక్టులు వేరే మెట్లలో ఉంటాయి. డబ్బాలో అవన్నీ ఒకే వస్తువు. దీన్ని మాకు గట్టు అర్థం చేయించింది. మాలో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని ఉంటాయి. మనుషులు ఏ ఊళ్ళో ఉన్నా గట్టు ఒకటైతే ఒకే ఇంటివాళ్ళు. కాంటాక్టులూ అంతే. ఏ మెట్టులో ఉన్నా పేరు ఒకటైతే ఒకే కాయిల్ కదిపితే అన్నీ కలిసి కదులుతాయి.

ఇప్పుడు మా చేలల్లో ఎక్కువగా ఉండే డీఓఎల్ స్టార్టరు మెట్టు చూద్దాం. ఎడమ గీత నుంచి బయల్దేరితే ముందు ఓవర్‌లోడ్ రిలే కాంటాక్టు, దాని మీద 95, 96 అని ఉంటుంది. తర్వాత ఎర్ర బటన్, అది ఎన్‌సీ. తర్వాత పచ్చ బటన్, అది ఎన్ఓ. చివర కాయిల్, ఎ1, ఎ2. పచ్చ బటన్ పక్కనే, దానికి సమాంతరంగా, ఆ కాయిల్‌కు చెందిన 13, 14 కాంటాక్టు ఉంటుంది. పచ్చ బటన్ నొక్కగానే కాయిల్ లాగుతుంది, 13, 14 మూసుకుంటుంది. వేలు తీసేసినా కరెంటు ఆ పక్కదారిన వెళ్తూ ఉంటుంది. అంటే కాంటాక్టరు తన చేత్తో తనే తన బటన్ నొక్కి పట్టుకున్నట్టు. దీన్ని హోల్డింగ్ అంటాం.

ఈ చిన్న పక్కదారిలో మనిషి ప్రాణం ఉంది. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది, పక్కదారి తెగిపోతుంది. కరెంటు తిరిగి వచ్చినా మోటారు తనంతట తాను తిరగదు. ఎవరో ఒకరు వచ్చి, చూసి, నొక్కాలి. బొమ్మ గీసినవాడు మరిచిపోయి అలా వదల్లేదు. కరెంటు లేని ఆ కాసేపట్లో ఎవరైనా బావిలో దిగి ఉండొచ్చు, గిర్నీ బెల్టు దగ్గర చెయ్యి పెట్టి ఉండొచ్చు అని తలచుకునే గీశాడు.

కరెంటు అర్ధరాత్రి వచ్చి పోయే రోజుల్లో రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. మూడు ఫేజులూ రాగానే అది తనే స్టార్టు నొక్కుతుంది. చీకట్లో పాముల మధ్య చేనుకు పోలేక పెట్టుకున్నారు, వాళ్ళను తప్పు పట్టలేం. కానీ ఆ డబ్బాతో నిచ్చెన బొమ్మ ఇచ్చిన కాపలా పోయింది. కరెంటు లేదనుకుని కేబుల్ పట్టుకున్న మనిషి చేతిలోకే కరెంటు వస్తుంది. ఊరంతటి మోటార్లూ ఒక్కసారే లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలు కంటే 6 రెట్ల దాకా కరెంటు లాగుతుంది, అన్నీ ఒకేసారి లాగితే ట్రాన్స్‌ఫార్మరు నిలవదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే అడిగింది. తీయమన్నారు గానీ ఎందుకు తీయాలో బొమ్మ గీసి చూపించినవాళ్ళు తక్కువ. అందుకే ఇప్పటికీ కొన్ని డబ్బాల్లో అవి ఉన్నాయి.

ఎర్ర బటన్ ఎన్‌సీ ఎందుకు అన్నది కూడా ఇలాంటిదే. ఎలుక కొరికి స్టాపు తీగ తెగిందనుకోండి, మోటారు ఆగిపోతుంది. చిరాకే గానీ ప్రమాదం లేదు. అదే స్టాపును ఎన్ఓ పెట్టి ఉంటే తీగ తెగిన సంగతి ఎవరికీ తెలియదు. గిర్నీ బెల్టులో చీర కొంగు పడిన రోజున బటన్ నొక్కితే తెలుస్తుంది, అప్పటికి ఆలస్యం. ఆపే తీగ ఏది తెగినా మోటారు ఆగాలి. బొమ్మ గీసేవాడికి ఇది మొదటి నియమం.

ఇక 95, 96 సంగతి. లైను చివర వోల్టేజీ తక్కువ. వోల్టేజీ తగ్గితే అదే పనికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవుతుంది. రిలే తన పని తాను చేసింది. కానీ నాట్లప్పుడు నీళ్ళు ఆగితే రైతుకు రిలే మీదే కోపం. మైదానం నుంచి వచ్చిన మెకానిక్కు ఆ రెండు నంబర్ల మధ్య చిన్న తీగ ముక్క బిగించి, మోటారు తిప్పి చూపించి, డబ్బు తీసుకుని వెళ్ళిపోతాడు. కొన్నాళ్ళకు వైండింగు కాలిపోతుంది. రీవైండింగుకు మళ్ళీ ఆయన దగ్గరికే పోవాలి. మేము బాగుచేయడానికి తెరిచిన డబ్బాల్లో ఈ తీగ ముక్క చాలాసార్లు చూశాం. బొమ్మ తెలిసినవాడికి అది ఒక్క చూపులో దొరుకుతుంది, ఎందుకంటే బొమ్మలో ఆ గీత లేదు.

రిలే పదేపదే ట్రిప్ అయితే చూడాల్సినవి వేరే ఉన్నాయి. మూడు ఫేజులూ వస్తున్నాయా, వోల్టేజీ ఎంత, పంపు బిగుసుకుందా, రిలే అమరిక మోటారు నేమ్‌ప్లేటు మీది ఆంపియర్లకు సరిపోయిందా. స్టార్ డెల్టాలో రిలే వైండింగు దారిలో ఉంటే అమరిక 0.58 రెట్లే ఉండాలి. ప్లేటు మీద 15 ఆంపియర్లుంటే 8.7 దగ్గర పెట్టాలి. 15 దగ్గర పెడితే రిలే ఉన్నా లేనట్టే.

చదవడం వచ్చాక గీయడం అంత కష్టం కాదు. ముందు పనిని నోటితో సరిగ్గా చెప్పాలి. మా మంచినీళ్ళ ట్యాంకు కోసం ఇలా చెప్పుకున్నాం: "బావిలో నీళ్ళుండి, ట్యాంకు అడుగుకు దిగితే మోటారు తిరగాలి. ట్యాంకు నిండితే ఆగాలి. కరెంటు పోయి వస్తే మాత్రం మనిషి చూసి నొక్కేదాకా తిరగకూడదు." ఇందులో "ఉండి" అన్న చోట కాంటాక్టులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. "లేదా" అని చెప్పాల్సిన చోట పక్కపక్కన వస్తాయి. "అయితే ఆగాలి" అన్న చోట ఎన్‌సీ వస్తుంది.

అలా రెండు మెట్లు వచ్చాయి. పై మెట్టులో ఎర్ర బటన్, పచ్చ బటన్, ఒక చిన్న రిలే కాయిల్, దాని హోల్డింగు. దీనికి మేము అనుమతి రిలే అని పేరు పెట్టాం. కింది మెట్టులో వరసగా అనుమతి రిలే ఎన్ఓ, ఓవర్‌లోడ్ 95, 96, బావిలో నీళ్ళుంటే మూసుకునే ఫ్లోటు, ట్యాంకు నిండితే తెరుచుకునే ఫ్లోటు, ట్యాంకు అడుగుకు దిగితే మూసుకునే ఫ్లోటు, చివర మోటారు కాంటాక్టరు కాయిల్. అడుగు ఫ్లోటు పక్కన కాంటాక్టరు 13, 14. గమనిస్తే ఇది డీఓఎల్ మెట్టే. పచ్చ బటన్ చోట అడుగు ఫ్లోటు, ఎర్ర బటన్ చోట నిండిన ఫ్లోటు వచ్చాయంతే. కరెంటు పోతే అనుమతి రిలే వదిలేస్తుంది, కింది మెట్టంతా ఆగిపోతుంది.

ట్యాంకు చూసుకునే అత్త దీనికి ఒప్పుకోలేదు. "కరెంటు పోయిన ప్రతిసారీ నేనే వచ్చి నొక్కాలా అల్లుడూ?" అంది.

"నువ్వే నొక్కాలత్తా. బావి దగ్గర ఎవరూ లేరని నువ్వు చూశాకే అది తిరగాలి."

కాసేపు ఆలోచించి, పచ్చ బటన్ తన ఎత్తుకు అందేలా పెట్టమంది. అలాగే పెట్టాం.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. ఎర్ర బటన్ నొక్కితే మోటారు ఆగుతుంది గానీ డబ్బాలో కరెంటు పోదు. మా చేలల్లో చాలా స్టార్టర్ల కాయిల్ 415 వోల్టులది, రెండు ఫేజుల మధ్య ఉంటుంది. నిచ్చెన నిలువు గీతలు రెండూ ప్రాణం తీసేవే. మెయిన్ దించి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, టెస్టరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

ఈ చదువు బోరు మోటారుతో ఆగిపోదు. 1969లో అమెరికాలో మోడికాన్ 084 అనే పీఎల్‌సీ వచ్చినప్పుడు, రిలేల పని చేసే ఎలక్ట్రీషియన్లు కొత్తగా ఇంకో భాష నేర్చుకోనక్కర్లేకుండా ఈ నిచ్చెన గీతలనే దాని భాషగా ఉంచారు. ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో కంప్యూటరు తెర మీద కనబడేది ఇవే మెట్లు. మాలో హైదరాబాదు ఫ్యాక్టరీలకు వెళ్ళినవాళ్ళు హెల్పరుగా చేరి, తెర మీద మెట్టు చదివి ఎక్కడ ఆగిందో చెప్పినప్పుడు ఆపరేటర్లయ్యారు.

మేము చేస్తున్నది చిన్న పనే. బాగుచేసిన ప్రతి స్టార్టరు తలుపు లోపల నిచ్చెన బొమ్మ తెలుగులో గీసి, ప్లాస్టిక్ కవరు వేసి అంటిస్తున్నాం. బొమ్మలో ఉన్న నంబర్లే తీగలకు కూడా వేస్తున్నాం. కింద ఒక మాట రాస్తున్నాం: బొమ్మలో లేని తీగ డబ్బాలో కనబడితే మెయిన్ దించండి, ఎవరు పెట్టారో అడగండి. ఆశ్రమ పాఠశాలల సార్లకు మా మనవి, తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పాత కాంటాక్టరు, రెండు బటన్లు, మెయిన్ లైను కాకుండా బ్యాటరీతో నడిచే చిన్న బల్బు ఇచ్చి ఈ మెట్లు నేర్పించండి. పిలిస్తే మేము వస్తాం, మా సామాను మేమే తెచ్చుకుంటాం. గూడేనికి ఇద్దరు చదవగలిగితే చాలు. ఆ తీగ ముక్క బిగించేటప్పుడు పక్కన నిలబడి "ఇది బొమ్మలో లేదు కదా" అని అడగడానికి.